బాలి ప్రవేశ పన్ను: ఇంట్లోనే కట్టాలా, విమానాశ్రయంలోనా, ఏజెంటుకు వదిలేయాలా?

బాలికి విహారానికి వెళ్లే ప్రతి విదేశీయుడూ అక్కడి రాష్ట్ర ప్రభుత్వానికి తలకు 1,50,000 ఇండోనేషియా రుపియా కట్టాలి. మన డబ్బులో సుమారు 800 రూపాయలు. నలుగురున్న కుటుంబానికి మూడు వేల పైచిలుకు. బాలి ఖర్చులో ఇదొక పెద్ద లెక్కేమీ కాదు. చిక్కంతా కట్టే చోట వస్తుంది. కార్డు తీసుకోదు, ఓటీపీ రాదు, రసీదు తప్పు మెయిలుకు పోతుంది. కొందరు నకిలీ సైటులో రెండింతలు పోస్తారు. ఇంకొందరు వీసా డబ్బు కట్టేశాం కాబట్టి అందులో ఇదీ కలిసిపోయిందనుకుంటారు. 2024లో బాలికి వచ్చిన విదేశీయుల్లో ఆస్ట్రేలియా తర్వాతి స్థానం భారతీయులదే. కాబట్టి ఈ తప్పుల్లో మనవాళ్ల వాటా కూడా తక్కువేమీ ఉండదు.

మా సలహా ముందే చెప్పేస్తాం. టికెట్లు, వీసా ఖరారయ్యాక, బయల్దేరడానికి మూడు నాలుగు రోజుల ముందు, మీ ఫోనులో మీ సిమ్ ఉండగానే, అధికారిక సైటులో మీ కార్డుతో కట్టేయండి. విమానాశ్రయం కౌంటర్, ఏజెంటు అనే మిగతా రెండు దారులూ తప్పు కావు గానీ, అవి కొందరికే సరిపోతాయి. ఎవరికి సరిపోతాయో, ఎందుకో కింద వివరంగా రాశాం.

ముందు మూడింటినీ విడదీసి చూడండి

బాలి ప్రయాణంలో మూడు వేర్వేరు పనులు ఒకేసారి మీద పడతాయి. అన్నిటికీ వేర్వేరు సైట్లు, వేర్వేరు క్యూఆర్ కోడ్‌లు ఉండటంతో తికమక మొదలవుతుంది.

మొదటిది వీసా. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి దిగాక ఇచ్చే వీసా దొరుకుతుంది. రుసుము 5,00,000 రుపియా, గడువు 30 రోజులు, మరో 30 రోజులకు ఒకసారి పొడిగించుకోవచ్చు. దీన్నే ముందుగా ఆన్‌లైన్‌లో ఈ-వీసాగా కూడా తీసుకోవచ్చు. ఈ డబ్బు జకార్తాలోని కేంద్ర ప్రభుత్వానికి పోతుంది. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలన్నది దీనికి సంబంధించిన నియమమే.

రెండోది రాక పత్రం. 2025 సెప్టెంబరు నుంచి బాలిలో ‘ఆల్ ఇండోనేషియా’ అనే ఒకే ఫారం వచ్చింది. అంతకుముందు కస్టమ్స్‌కు ఒకటి, ఆరోగ్య వివరాలకు ఒకటి విడిగా నింపేవారు. ఇప్పుడు అవన్నీ ఇందులోనే కలిశాయి. దిగడానికి మూడు రోజుల లోపు నింపాలి. ఇది పూర్తిగా ఉచితం. దీనికి ఎవరైనా డబ్బు అడిగారంటే ఆ సైటు మూసేసి బయటికి రండి.

మూడోది ఇప్పుడు మనం మాట్లాడుకునే ప్రవేశ పన్ను. 2023లో బాలి రాష్ట్రం చేసిన 6వ నంబరు చట్టం ప్రకారం, 2024 ఫిబ్రవరి 14 నుంచి వసూలు చేస్తున్నారు. బాలి సంస్కృతిని, ప్రకృతిని కాపాడటానికి అని ఆ చట్టం పేరులోనే రాసుంది. వీసా అధికారికి దీంతో సంబంధం లేదు, అడగడు కూడా. అందుకే చాలామంది కట్టకుండానే బయటపడిపోతారు. ఒక్క 2024లోనే 63 లక్షల మంది విదేశీయులు వస్తే, కట్టినవారు మూడో వంతు మందే. అడగలేదు కాబట్టి కట్టనక్కర్లేదు అని మాత్రం అనుకోకండి. ఉలువటు, తనా లాట్ లాంటి గుళ్ల దగ్గర సిబ్బంది నిలబడి క్యూఆర్ కోడ్ చూపించమని అడుగుతున్నారు. 2025 మార్చిలో గవర్నర్ వయాన్ కోస్టర్ జారీ చేసిన ఆదేశాల్లోనూ ఈ పన్ను కట్టి తీరాలన్న మాట ఉంది. గుడి గుమ్మం దగ్గర, ఎండలో, పిల్లలు నీళ్లు అడుగుతుంటే ఫోనులో కార్డు నంబరు కొట్టుకునే పరిస్థితి తెచ్చుకోవడం ఎందుకు?

మొదటి దారి: ఇంట్లోనే, అధికారిక సైటులో

సైటు పేరు ‘లవ్ బాలి’. చిరునామా లవ్‌బాలి డాట్ బాలిప్రోవ్ డాట్ గో డాట్ ఐడి. ఇదే పేరుతో యాప్ కూడా ఉంది. ఒక్కసారి కట్టే పనికి యాప్ దింపుకోనక్కర్లేదు, ఫోను బ్రౌజరు చాలు.

చిరునామాలో మీరు చూడాల్సింది చివరి భాగం. ఇండోనేషియా ప్రభుత్వ సైట్లన్నీ ‘గో డాట్ ఐడి’తో ముగుస్తాయి. ‘https://’ని వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి వాలు గీతకు (/) సరిగ్గా ముందు ఏముందో చూడండి. అక్కడ ‘డాట్ గో డాట్ ఐడి’ ఉంటేనే అది ప్రభుత్వానిది. బాలి, లెవీ, ట్యాక్స్, గో, ఐడి అన్న మాటలన్నీ అడ్డగీతలతో కలిపి, చివరికి ‘డాట్ కామ్’ అనో ‘డాట్ ఆన్‌లైన్’ అనో ఉంటే అది ప్రైవేటుది. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనలుగా కనిపించేవి చాలావరకు ఇలాంటివే. కొన్ని అచ్చంగా మోసం. కొన్ని ‘సేవా రుసుము’ పేరుతో డాలర్లలో అదనంగా లాగేవి. గుర్తు పట్టడానికి ఇంకో తేలికైన లెక్క ఉంది. అసలు సైటు రుపియాలో 150.000 అని చూపిస్తుంది. తలకు 30 డాలర్లు, 40 డాలర్లు అని కనిపించిందా, మీరు వేరే చోటికి వచ్చారన్నమాట.

ఆ 150.000 దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఇండోనేషియాలో వేల దగ్గర కామా పెట్టరు, చుక్క పెడతారు. మనం 1,50,000 అని రాసేదాన్ని వాళ్లు 150.000 అని రాస్తారు. చూడగానే నూట యాభై అనిపిస్తుంది. కాదు, లక్షా యాభై వేలు. బ్యాంకు నుంచి వచ్చే మెసేజీలో కూడా ‘ఐడీఆర్ 150000’ అని చూసి గుండె ఆగినంత పనవుతుంది కొందరికి. అది రుపియా, రూపాయలు కాదు. పక్కనే ఉండే ‘ఐడీఆర్’ అన్న మూడక్షరాలు చూసుకోండి.

సైటులో అడిగేవి తక్కువే: పాస్‌పోర్టులో ఉన్న పేరు, పాస్‌పోర్టు నంబరు, దేశం, మెయిలు, దిగే తేదీ. ఒకే కుటుంబం అయితే అందరినీ కలిపి ఒకేసారి చేర్చుకోవచ్చు గానీ, ప్రతి ఒక్కరి వివరాలూ విడిగా కొట్టాలి, ఒక్కొక్కరికీ ఒక్కో క్యూఆర్ కోడ్ రావాలి.

మన పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. తెలుగువాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటి పేరు ఒక గడిలో, సొంత పేరు ఇంకో గడిలో ఉంటుంది. కొందరికి ఇంటి పేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే వరుసలో ఉంటుంది. ఆధార్‌లో ఎలా ఉందో, ఆఫీసులో ఎలా పిలుస్తారో అక్కడ అక్కర్లేదు. పాస్‌పోర్టు అడుగున బాణం గుర్తుల మధ్య పెద్దక్షరాల్లో అచ్చయిన రెండు వరుసలు ఉంటాయి చూడండి, అక్కడున్న స్పెల్లింగే కొట్టండి. నంబరు విషయానికొస్తే, మన పాస్‌పోర్టు నంబరులో ముందు ఒక అక్షరం, తర్వాత ఏడు అంకెలు. ఆ ఏడింట్లో అక్షరం ఉండదు. కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నానే, ‘ఓ’ కాదు.

మెయిలు చిరునామా రెండుసార్లు చదువుకోండి. రసీదు, క్యూఆర్ కోడ్ ఆ మెయిలుకే వస్తాయి. ఒక్క అక్షరం తప్పితే డబ్బు పోతుంది, రసీదు చేతికి రాదు. ఆఫీసు మెయిలు ఇవ్వకండి. చాలా కంపెనీల మెయిళ్లలో బయటి దేశాల నుంచి వచ్చేవి నేరుగా స్పామ్‌లో పడతాయి, కొన్నిచోట్ల అసలు లోపలికే రావు.

ఏ కార్డుతో కట్టాలి?

అసలు ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. సైటులో వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులతో కట్టొచ్చు. వర్చువల్ అకౌంటు, క్యూఆర్ఐఎస్ లాంటివి ఇండోనేషియా బ్యాంకు ఖాతాలు ఉన్నవారి కోసం, మనకు పనికిరావు. ఫోన్‌పే, గూగుల్‌పే నమ్ముకుని వెళ్లకండి.

మన దగ్గర ఇచ్చే మామూలు రూపే కార్డు దేశం లోపల వాడకానికి. అది ఇలాంటి విదేశీ సైట్లలో పనిచేయదు. వీసా, మాస్టర్‌కార్డ్ కార్డు ఉన్నా సరిపోదు. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల తర్వాత, కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ లావాదేవీలు ముందే ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి, కార్డు సెట్టింగుల్లో ‘అంతర్జాతీయ’ అన్న చోట ‘ఆన్‌లైన్’ వాడకాన్ని మీరే ఆన్ చేయాలి, పరిమితి పెట్టాలి. అక్కడ స్వైపింగ్‌కు ఒక మీట, ఆన్‌లైన్‌కు ఒక మీట, ఏటీఎంకు ఒక మీట విడివిడిగా ఉంటాయి. ఒకటి ఆన్ చేసి రెండోది మరిచిపోవడం మామూలే. నలుగురి పన్నుకు పది వేల రూపాయల పరిమితి పెడితే ధారాళంగా సరిపోతుంది.

క్రెడిట్ కార్డా, డెబిట్ కార్డా, ముందే విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డా అన్నది తర్వాతి ప్రశ్న. ఇంత చిన్న మొత్తానికి మేం క్రెడిట్ కార్డునే ఎంచుకోమంటాం. ఏదైనా తేడా వస్తే, అంటే డబ్బు రెండుసార్లు పోయినా, సైటు మధ్యలో ఆగిపోయినా, మీ ఖాతాలోంచి నగదు వెళ్లిపోయి ఉండదు. బిల్లు వచ్చేలోపు ఫిర్యాదు పెట్టుకోవచ్చు. మార్కప్ సంగతి చూస్తే, మామూలు కార్డులు విదేశీ వాడకానికి 3.5 శాతం దాకా తీసుకుంటాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. 800 రూపాయలకు అది సుమారు 33 రూపాయలు. నలుగురికి నూటముప్పై. మార్కప్ లేని కార్డు మీ దగ్గరుంటే అదే వాడండి, లేకపోతే ఈ నూటముప్పై కోసం కొత్త కార్డు తీసుకోనక్కర్లేదు. ఫారెక్స్ కార్డు అనుకున్నంత లాభం ఇవ్వదు. వాటిలో ఎక్కువమంది డాలర్లు వేసుకుంటారు. రుపియాలో కట్టగానే డాలరు నుంచి రుపియాకు మార్చినందుకు విడిగా రుసుము పడుతుంది.

ఓటీపీ వస్తుంది, కొట్టేస్తే అయిపోతుంది. సైటు తన వంతు లావాదేవీ రుసుము కొద్దిగా కలుపుతుంది, కాబట్టి చివరి మొత్తం సరిగ్గా 1,50,000 లేకపోతే కంగారు పడకండి. తేడా వేల రుపియాల్లో ఉండాలి, లక్షల్లో కాదు.

మధ్యలో తెర నిలిచిపోయిందనుకోండి. వెంటనే మళ్లీ ‘చెల్లించు’ నొక్కకండి. ముందు బ్యాంకు మెసేజీ వచ్చిందా చూడండి, తర్వాత మెయిలు, స్పామ్ చూడండి. డబ్బు పోయి రసీదు రాకపోతే ఆ లావాదేవీ నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, సైటులో ఇచ్చిన సహాయ మెయిలుకు పంపండి. డబ్బు అసలు పోలేదని తేలాకే రెండో కార్డుతో ప్రయత్నించండి.

ఎప్పుడు కట్టాలి? మరీ ముందు కట్టొద్దు. దిగే తేదీ అడుగుతారు కాబట్టి ప్రయాణం మారితే చిక్కు. కట్టిన డబ్బు వెనక్కి వస్తుందన్న లెక్కతో అసలు కట్టకండి. మరీ చివరికి, విమానాశ్రయానికి వెళ్లే కారులో కూర్చుని కట్టడమూ మంచిది కాదు, ఏదైనా ఆగితే సరిచేసుకునే సమయం ఉండదు. మూడు నాలుగు రోజుల ముందు, రాక పత్రం నింపే రోజే ఇదీ పూర్తి చేస్తే ఒకే దఫాలో రెండు పనులూ అయిపోతాయి. పాస్‌పోర్టులు ఎలాగూ అప్పుడు బల్ల మీదే ఉంటాయి.

రెండో దారి: దిగాక, ఙురా రాయ్ విమానాశ్రయం కౌంటర్‌లో

డెన్‌పసార్ దగ్గరున్న ఙురా రాయ్ విమానాశ్రయంలో విదేశీ రాకల వైపు ఈ పన్నుకు కౌంటర్లు ఉన్నాయి. మొత్తం అదే 1,50,000. చెల్లింపు నగదు లేకుండా జరగాలన్నది నియమం, కాబట్టి మీ దగ్గర పనిచేసే కార్డు ఉండి తీరాలి. డాలర్ల నోట్లు తెచ్చాం కదా అన్న ధీమాతో ఈ దారి ఎంచుకోకండి.

ఆన్‌లైన్‌లో కార్డు ఎన్నిసార్లు ప్రయత్నించినా తీసుకోనివారికి ఇది మంచి దారి. కొన్ని బ్యాంకుల కార్డులు విదేశీ సైటును అనుమానించి ఆపేస్తాయి గానీ, అదే కార్డు మిషన్‌లో చిప్ పెట్టి పిన్ కొడితే హాయిగా పనిచేస్తుంది. అలాంటప్పుడు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ‘స్వైపింగ్’ మీట ఆన్‌లో ఉందో లేదో ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి. నాలుగు అంకెల పిన్ గుర్తుండాలి. క్రెడిట్ కార్డు పిన్ ఎప్పుడూ వాడనివాళ్లకు అక్కడ నిలబడి అది గుర్తు రాదు.

మిషన్ మీద ఒక ప్రశ్న రావచ్చు: రుపియాలో కడతారా, భారత రూపాయల్లోనా? రూపాయలు కనిపించగానే అదే సుఖమనిపిస్తుంది. అక్కడ రుపియానే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు మీ బ్యాంకు కాకుండా ఆ మిషన్ కంపెనీ వేస్తుంది, అది దాదాపు ఎప్పుడూ ఎక్కువే. ఈ సంగతి బాలిలో ప్రతి హోటలు, ప్రతి దుకాణం దగ్గరా పనికొస్తుంది.

ఇక ఈ దారిలో కష్టాలు. హైదరాబాద్ నుంచి సింగపూర్, కౌలాలంపూర్, బ్యాంకాక్ మీదుగా, విశాఖ నుంచి సింగపూర్ మీదుగా వెళ్లేవారు రాత్రంతా నిద్ర లేకుండా దిగుతారు. వీసా కౌంటర్ దగ్గర ఒక వరుస, ఇమిగ్రేషన్ దగ్గర ఇంకో వరుస, సామాను దగ్గర ఎదురుచూపు. వీటన్నిటి తర్వాత మరో వరుసలో నిలబడాలన్న ఓపిక ఎవరికీ ఉండదు, బయట డ్రైవరు పేరు రాసిన అట్ట పట్టుకుని ఎదురుచూస్తుంటాడు. ‘తర్వాత చూద్దాంలే’ అని బయటికి వచ్చేస్తారు. ఆ తర్వాత ఎప్పటికీ చూడరు. కట్టని మూడింట రెండు వంతుల మందిలో చాలామంది ఎగ్గొట్టాలని కాకుండా ఇలా జారిపోయినవారే అయి ఉంటారని మా అనుమానం.

బయటికి వచ్చాక కట్టాలంటే మళ్లీ ఆన్‌లైనే. అప్పటికి ఫోనులో మన సిమ్ తీసేసి స్థానిక సిమ్ వేసి ఉంటారు. ఓటీపీ మన నంబరుకు వస్తుంది. రోమింగ్ ఆన్‌లో ఉంచితే మెసేజీ వస్తుంది, కానీ చాలామంది దాన్ని భయపడి ఆపేస్తారు. అందుకే రెండు సిమ్‌ల ఫోను అయితే మన సిమ్‌ను తీయకుండా రోమింగ్ ఆన్ చేసి, డేటా మాత్రం స్థానిక ఈ-సిమ్ మీద నడపండి. మెసేజీలు అందుకోవడానికి విడిగా డబ్బు పడుతుందా లేదా అన్నది మీ కంపెనీ ప్యాకులో ముందే చూసుకోండి.

మూడో దారి: ఏజెంటు, హోటలు, ప్యాకేజీ

మన ఊళ్లలో బాలి ప్యాకేజీలు అమ్మే ఏజెంట్లు ‘అన్నీ కలిపి’ అంటారు. ఆ ‘అన్నీ’లో ప్రవేశ పన్ను ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. చాలా ప్యాకేజీల్లో వీసా, ప్రవేశ పన్ను రెండూ ‘కలపనివి’ జాబితాలో చిన్నక్షరాల్లో ఉంటాయి. ‘ఎంట్రీ ఫీజులు కలిపి’ అన్న మాట చూసి మోసపోకండి, దాని అర్థం గుళ్ల టికెట్లు, జలపాతాల టికెట్లు కావచ్చు. తనా లాట్‌కు, ఉలువటుకు విడిగా టికెట్లు ఉంటాయి, ప్రవేశ పన్ను కట్టినా అవి కొనాల్సిందే.

హోటళ్లు, పర్యాటక సంస్థలు కూడా ఈ పన్ను వసూలు చేసేందుకు ప్రభుత్వం ఒప్పుకుంది. అలా వసూలు చేసినవారికి అందులో 3 శాతం దాకా ప్రోత్సాహకంగా ఇచ్చేలా 2025లో చట్టం సవరించారు. ఆ వాటా ప్రభుత్వం ఇచ్చేది, మీ దగ్గర అదనంగా తీసుకోవాల్సినది కాదు. కాబట్టి హోటలు వాళ్లు కడతామంటే 1,50,000కే కట్టాలి.

ఎవరికి ఇది సరిపోతుంది? ఇరవై ముప్పై మంది కలిసి వెళ్లే బృందాలకు, కాలేజీ స్నేహితుల గుంపులకు, ఫోనులో ఇలాంటివి చేసుకోలేని పెద్దవాళ్లకు. ఏజెంటు తలకు వెయ్యి రూపాయలు అడిగితే, శ్రమకు 200 అనుకుని ఇవ్వొచ్చు. రెండు వేలు అడిగితే వద్దు. ఎంత తీసుకున్నా, ప్రతి ఒక్కరి పేరు మీద విడిగా వచ్చిన రసీదు ప్రయాణానికి ముందే మీ ఫోనుకు రావాలి. ‘కట్టేశాం సార్, అక్కడ చూపిస్తారు’ అన్న మాట రసీదు కాదు. ఆ రసీదులో మీ పాస్‌పోర్టు నంబరు అంకె అంకె సరిచూసుకోండి. ఏజెంటు దగ్గర పాత పాస్‌పోర్టు కాపీ ఉండి దాని నంబరు కొట్టడం మామూలుగా జరిగే పొరపాటు.

ఎవరు కట్టాలి, ఎన్నిసార్లు కట్టాలి

పిల్లలకు మినహాయింపు లేదు. ఒళ్లో కూర్చునే పసివాడికి కూడా పాస్‌పోర్టు ఉంది కాబట్టి పన్నూ ఉంది. అమెరికా, ఆస్ట్రేలియా పాస్‌పోర్టులున్న మన బంధువులు కలిసినా అదే లెక్క, అక్కడ అందరూ విదేశీయులే.

జకార్తాలో దిగి, అక్కణ్నుంచి దేశీయ విమానంలో బాలికి వచ్చినా కట్టాలి. జావా నుంచి పడవ మీద బాలిలోని గిలిమనుక్ రేవుకు వచ్చినా అంతే. ఇలా వచ్చేవాళ్లు విదేశీ రాకల కౌంటర్ వైపు రారు కాబట్టి ఆన్‌లైన్ తప్ప వేరే ఆలోచన పెట్టుకోవద్దు.

ఒకసారి కట్టాక ఇండోనేషియా వదిలి వెళ్లేదాకా అదే చెల్లుతుంది. మధ్యలో ఇండోనేషియాలోనివే అయిన గిలి దీవులకో లొంబోక్‌కో వెళ్లి తిరిగి వస్తే మళ్లీ కట్టనక్కర్లేదు. సింగపూర్ వెళ్లి మళ్లీ వస్తే కట్టాలి. నుసా పెనిడా, నుసా లెంబొంగన్ దీవులు బాలి రాష్ట్రంలోవే, ప్రవేశ పన్ను మళ్లీ ఉండదు. కానీ నుసా పెనిడాకు వెళ్లేటప్పుడు అక్కడి జిల్లా రుసుముగా పెద్దలకు 25,000 రుపియా విడిగా అడుగుతారు. దాన్ని చూసి ‘ఇప్పటికే కట్టాం’ అని గొడవ పెట్టుకోకండి, అది వేరు.

దౌత్య, అధికారిక వీసాలవాళ్లు, విమాన, ఓడల సిబ్బంది, కీటాస్, కీటాప్ నివాస అనుమతులున్నవారు, విద్యార్థి వీసా, కుటుంబ వీసా, గోల్డెన్ వీసా ఉన్నవారు కట్టనక్కర్లేదు. విహారం కాని ఇతర పనుల వీసాలున్నవారు అదే సైటులో మినహాయింపుకు దరఖాస్తు చేసుకోవాలి, ప్రయాణం ముందు రోజు కాకుండా తగినంత ముందుగా. విహారానికి వెళ్లేవారికి ఇందులో ఏదీ వర్తించదు.

బాలి ఇంకా తేల్చుకోనివారికి: వేరే దీవుల్లో ఎలా ఉంది?

మనవాళ్లు బాలితో పాటు మాల్దీవులు, మారిషస్, లంకావి కూడా ఒకే వరుసలో పెట్టి చూస్తారు. అక్కడా ఇలాంటి పన్నులున్నాయి. మొత్తం ఎంత అని కాకుండా, దేని మీద లెక్క అని అడిగితేనే తేడా తెలుస్తుంది. మనిషికి ఒక్కసారా, మనిషికి రాత్రికా, గదికి రాత్రికా?

బాలిది మనిషికి ఒక్కసారి. పది రోజులున్నా, రెండు రోజులున్నా అంతే. కాబట్టి ఎక్కువ రోజులు ఉండేకొద్దీ రోజుకు పడే లెక్క తగ్గుతుంది.

మాల్దీవులది మనిషికి రాత్రికి. హరిత పన్ను 2025 జనవరి నుంచి రెట్టింపై, రిసార్టుల్లో 12 డాలర్లయింది. జనం నివసించే దీవుల్లో 50 గదుల లోపు గెస్ట్‌హౌసుల్లో 6 డాలర్లు. నలుగురు నాలుగు రాత్రులు రిసార్టులో ఉంటే 192 డాలర్లు, సుమారు 17 వేల రూపాయలు. రెండేళ్ల లోపు పిల్లలకు ఉండదు. మీరు విడిగా ఎక్కడా కట్టనక్కర్లేదు, హోటలు బిల్లులో వచ్చేస్తుంది. అదే ప్రమాదం కూడా. బుకింగ్ సైటులో కనిపించే ధరలో ఇది, 17 శాతం జీఎస్టీ, సేవా రుసుము కలిశాయో లేదో చూడకపోతే చివరి రోజు బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. దీనికి తోడు తిరుగు ప్రయాణంలో ఎకానమీ సీటుకు బయల్దేరే పన్ను 50 డాలర్లు, విమానాశ్రయ అభివృద్ధి రుసుము 50 డాలర్లు టికెట్టులోనే కలిసి ఉంటాయి.

మారిషస్ 2025 అక్టోబరు నుంచి 12 ఏళ్లు, ఆపై వయసున్న విదేశీయులకు రాత్రికి 3 యూరోలు వేస్తోంది. చిన్న పిల్లలున్న కుటుంబానికి ఇది కలిసొస్తుంది. లంకావిలో మలేషియా పర్యాటక పన్ను గదికి రాత్రికి 10 రింగిట్లు, విదేశీయులకే. ఒకే గదిలో నలుగురు సర్దుకుంటే నాలుగు రాత్రులకు 40 రింగిట్లు, అంటే 900 రూపాయల చుట్టుపక్కల. మొత్తం కుటుంబానికి అది. హోటలు కౌంటర్‌లో దిగేటప్పుడే విడిగా అడుగుతారు, ఆన్‌లైన్‌లో గది డబ్బు ముందే కట్టినా సరే.

పన్ను చూసి దీవిని ఎంచుకోమని మేం అనం. కానీ బడ్జెట్ బిగుతుగా ఉన్న నలుగురి కుటుంబానికి మాల్దీవుల రిసార్టుకూ లంకావికీ మధ్య పన్నులోనే పదహారు వేల తేడా ఉందని తెలిసి నిర్ణయించుకుంటే మంచిది.

రసీదు చేతికొచ్చాక

క్యూఆర్ కోడ్‌ను మెయిల్లోనే వదిలేయకండి. దిగగానే ఫోనులో నెట్ ఉండదు, గుడి దగ్గర సిగ్నలు ఉండకపోవచ్చు. ఒక్కొక్కరి కోడ్ స్క్రీన్‌షాట్ తీసి, ఫోటోల్లో ఒక విడి ఆల్బమ్‌లో పెట్టుకోండి. వీసా, రాక పత్రం, ప్రవేశ పన్ను అన్నిటికీ గళ్ల చదరమే ఉంటుంది, చూడ్డానికి ఒకేలా కనిపిస్తాయి. అందుకే స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పై భాగంలోని పేరు, ‘లవ్ బాలి’ అన్న మాట కూడా కనిపించేలా తీయండి. కోడ్‌లన్నీ ఒక్కరి ఫోనులోనే ఉంచకుండా ఇంకొకరికి కూడా వాట్సాప్‌లో పంపండి. సగం మంది ఉబుద్‌లో, సగం మంది ఉలువటులో ఉన్న రోజు ఎవరి కోడ్ వారి దగ్గర ఉండాలి. పెద్దవాళ్లకు కాగితం మీద ప్రింట్ తీసి పాస్‌పోర్టు కవరులో పెట్టండి, చార్జింగ్ అయిపోయిందన్న బాధ ఉండదు. తిరుగు విమానం ఎక్కేదాకా వాటిని చెరిపేయకండి.